పది రూపాయల సెల్లే అన్నిటికంటే ఖరీదు

పోయిన వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక నాన్నకి తల తిరుగుతోందంటే బీపీ మిషన్ తీశాను. చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే మోటారు గుర్రుమంటూ సగం దాకా గాలి కొట్టి ఆగిపోయింది, తెర మీద బ్యాటరీ బొమ్మ ఒక్కసారి కనిపించి అంతా ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఆ నాలుగు పెన్సిల్ సెల్లులూ వారం కిందటే మా మల్కాజిగిరిలో వీధి చివరి కిరాణా కొట్లో కొన్నవి, ఒక్కోటి పది రూపాయలు, ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో హెవీ డ్యూటీ అని ఉంది. పక్కింటివాళ్ల మిషన్ అడిగి తెచ్చి చూస్తే బీపీ మామూలుగానే ఉంది. కానీ ఆ పావుగంట పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేదు.

మర్నాడు ఆ సెల్లుల్లో ఒకదాన్ని తీసి హాల్లో గోడ గడియారంలో వేశాను. అది ఇవాళ్టికీ నడుస్తోంది. అంటే సెల్ అయిపోలేదు, దాని లోపల కరెంటు ఉంది, మోటారు అడిగినంత జోరుగా ఇవ్వలేకపోయింది. పైన ట్యాంకు నిండా నీళ్లున్నా కిందికి వచ్చే పైపు సన్నగా ఉంటే షవర్ కింద నిలబడి ఏం లాభం? చిన్నప్పుడు ఊళ్లో టార్చిలైటు మసకబారితే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్లు, సాయంత్రానికి మళ్లీ కాసేపు వెలిగేది. ఎండకి చార్జ్ ఏమీ ఎక్కదు. కాస్త విశ్రాంతి, కాస్త వేడి దొరికి లోపల మిగిలిందేదో బయటికి వచ్చేది, అంతే.

కాబట్టి సెల్ ఎంతకొచ్చింది అని కాదు, దాన్ని ఏ వస్తువులో వేస్తున్నాం అని ముందు అడగాలి. గోడ గడియారం సగటున ఒక మిల్లీ యాంపియర్ కూడా తాగదు, టీవీ రిమోట్ నొక్కినప్పుడే కాస్త తాగుతుంది. వీటికి పది రూపాయల జింక్ కార్బన్ సెల్ చాలు, ఇంకేం అక్కర్లేదు. పిల్లల రిమోట్ కారు, కెమెరా ఫ్లాష్, గేమ్ కంట్రోలర్, బీపీ మిషన్, ఫంక్షన్లలో వాడే కార్డ్‌లెస్ మైకు, ఇవన్నీ వేరే జాతి. మామూలు డబుల్ ఏ, అంటే పెన్సిల్ సైజు, ఆల్కలైన్ సెల్ తక్కువ లోడ్ మీద 2,500 ఎంఏహెచ్ (సెల్ మొత్తం ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) దాకా ఇస్తుంది, అదే సెల్ నుంచి ఒక యాంపియర్ చొప్పున లాగితే అందులో సగం కూడా రాదు. జింక్ కార్బన్ సంగతి చెప్పనక్కర్లేదు. అదే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్, ప్యాకెట్ మీద 2,000 అని ఉంటే, ఆ లోడ్ మీద కూడా దాదాపు అంతా ఇచ్చేస్తుంది.

లెక్క వేద్దాం. ఇంట్లో నాలుగు సెల్లుల రిమోట్ కారు ఉంది, పిల్లాడు రెండు వారాలకోసారి సెల్లులు ఖాళీ చేస్తాడు. ఆల్కలైన్ సెల్ నలభై రూపాయలు అనుకుంటే ప్రతిసారీ 160, ఏడాదికి 26 సార్లు, 4,160 రూపాయలు. రీచార్జబుల్ ఒక్కోటి 300, చార్జర్ ఒక వెయ్యి అనుకుంటే మొత్తం 2,200. ఏడు నెలల్లో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది, అక్కణ్ణుంచి ఆ సెల్లులు బతికినన్ని రోజులూ మిగులే. మరి కరెంటు బిల్లు అంటారా? ఒక డబుల్ ఏ సెల్ నింపడానికి నష్టాలన్నీ కలిపి ఐదు వాట్ అవర్లు వేసుకోండి, ఒక్క యూనిట్‌తో రెండు వందల సెల్లులు నిండుతాయి.

రీచార్జబుల్ వద్దనేవాళ్లు రెండు మాటలు చెబుతారు, 1.2 వోల్టులే ఇస్తుందని, డ్రాయర్లో పెట్టి మర్చిపోతే అదే ఖాళీ అయిపోతుందని. రెండో మాట ఒకప్పుడు నిజమే. 2005లో శాన్యో కంపెనీ ఎనెలూప్ అనే రీచార్జబుల్ సెల్ తెచ్చాక ఆ కథ మారింది, ఇప్పుడు అది పానాసోనిక్ చేతిలో ఉంది, అలాంటి సెల్లులు వేరే కంపెనీలూ చేస్తున్నాయి, ఏడాది పక్కన పడేసినా చార్జ్ చాలావరకు నిలుస్తుంది. వోల్టేజీ సంగతంటారా, 1.5తో మొదలయ్యే ఆల్కలైన్ కూడా లోడ్ పడగానే 1.2కి జారి ఇంకా కిందికి పోతూనే ఉంటుంది, రీచార్జబుల్ చివరిదాకా అక్కడే నిలబడుతుంది. తలుపుకి పెట్టే డిజిటల్ లాక్‌లాంటి వాటికి కంపెనీ ఆల్కలైనే వేయమంటే మాత్రం అదే వేయండి, అక్కడ నేను వాదించను.

కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. డబుల్ ఏ రీచార్జబుల్ మీద 3,800 అనో 5,000 ఎంఏహెచ్ అనో రాసి ఉంటే పక్కన పెట్టేయండి, ఆ సైజులో ఈ రకం సెల్ సుమారు 2,800 దగ్గరే ఆగిపోతుంది. పెద్ద నంబరే మంచిదనీ అనుకోవద్దు. ఎనెలూప్‌లోనే 2,000 రకాన్ని 2,100 సార్లు చార్జ్ చేయొచ్చని కంపెనీ చెబుతుంది, 2,500 రకానికి 500 సార్లే. చార్జర్ దగ్గర కక్కుర్తి వద్దు. ఒక్కో సెల్‌ని విడిగా చూసుకుని నిండగానే ఆపేసేది తీసుకోండి, రాత్రంతా ఉడికించే చవక చార్జర్ మంచి సెల్‌నీ చంపేస్తుంది.

అసలు నాకు కోపం వచ్చేది వేరే చోట. ఇదంతా కొనేవాడు ఎందుకు తవ్వి తెలుసుకోవాలి? హెవీ డ్యూటీ అనే పేరే చూడండి. అంతకు ముందున్న ఇంకా బలహీనమైన సెల్లుల పక్కన జింక్ క్లోరైడ్ సెల్ (ఇదీ జింక్ కార్బన్‌లో ఒక రకమే) గట్టిది కాబట్టి ఒకప్పుడు ఆ పేరు చెల్లింది. ఆల్కలైన్ వచ్చి దశాబ్దాలైంది, పేరు మాత్రం అలాగే ఉంది, ఆ పేరు నమ్మే నేను బీపీ మిషన్‌లో వేశాను. పాల ప్యాకెట్ మీద 500 మిల్లీలీటర్లు అని ఉండాలి, బియ్యం బస్తా మీద కిలోలు ఉండాలి, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్పేది అదే. సెల్లుల ప్యాకెట్ తిప్పి చూస్తే నెట్ క్వాంటిటీ దగ్గర 2 ఎన్ అని ఉంటుంది, అంటే రెండు ముక్కలు. ఆ రెండింటిలో ఎంత సరుకుందో, ఏ పనికి ఎన్ని గంటలు వస్తుందో ఒక్క ముక్క ఉండదు. పాలు ఎన్ని లీటర్లో చెప్పకుండా ప్యాకెట్లు రెండు అని రాసి అమ్మితే ఊరుకుంటామా?

చేయలేని పనేం కాదు. బొమ్మలో ఎన్ని గంటలు, కెమెరాలో ఎన్ని ఫోటోలు, రిమోట్‌లో ఎంతకాలం అని కొలిచే పరీక్షలు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60086లో ఉన్నాయి. యూరప్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టంలో, రీచార్జ్ కాని సెల్లుల మీద ఫలానా వాడకానికి సగటున కనీసం ఎంతసేపు వస్తుందో రాయాల్సిందేనని పెట్టింది. మన దగ్గర ఫ్రిజ్‌కీ ఏసీకీ 2006 నుంచి స్టార్లు వేస్తున్నారు, జనం కూడా ఆ స్టార్లు లెక్కపెట్టుకునే కొంటున్నారు. ప్రతి కిరాణా కొట్లో షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడే సెల్లుకి రెండు లైన్లు అచ్చు వేయించడానికి ఏం అడ్డం?

అది వచ్చేదాకా ఒక గుర్తు ఉంది. సెల్ ఒంటి మీద సన్నటి అక్షరాల్లో ఆర్6 అని ఉంటే జింక్ కార్బన్, ఎల్ఆర్6 అయితే ఆల్కలైన్, హెచ్ఆర్6 అయితే రీచార్జబుల్. నాన్న బీపీ మిషన్‌లో ఇప్పుడు హెచ్ఆర్6లు నాలుగు ఉన్నాయి, ఇంకో నాలుగు నింపి అదే డబ్బాలో పెట్టాను.