డబ్బు ముందు, మెషిన్ వెనుక

2013 జనవరి మొదట్లో 60 గిగాహ్యాష్‌ల, అంటే సెకనుకు 6,000 కోట్ల లెక్కలు వేసి కొత్త బిట్‌కాయిన్ల కోసం పోటీపడే, మైనింగ్ మెషిన్ ఒకటి చేతిలో ఉంటే రోజుకు సగటున 10 బిట్‌కాయిన్లు వచ్చేవి. అదే మెషిన్ అదే ఏడాది డిసెంబరు చివర్లో ఇంటికి చేరితే రోజంతా తిరిగినా 0.026 కాయిన్‌కి మించి రాదు. ఒక్క కాయిన్ కళ్లజూడాలంటే నలభై రోజులు ఆగాలి. మెషిన్ అరిగిపోలేదు, చిప్ పాడవలేదు, కరెంటు పోలేదు. రావడం ఆలస్యమైంది, అంతే.

ఈ లెక్క వెనుక మాయ ఏమీ లేదు. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ దాదాపు పది నిమిషాలకో బ్లాక్ (లావాదేవీల కట్ట) చొప్పున సాగుతుంది. ఆ ఏడాది ఒక్కో బ్లాక్‌ని ముందుగా కనుక్కున్న మైనర్‌కి దక్కేవి 25 కాయిన్లు, అంటే రోజుకు 3,600 కాయిన్లు. మైనర్లు పదిమంది ఉన్నా పదివేలమంది ఉన్నా పంచుకోవాల్సింది వాటినే. కొత్త మెషిన్లు చేరి బ్లాకులు త్వరత్వరగా దొరకడం మొదలైతే, ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, నెట్‌వర్క్ తనంతట తానే డిఫికల్టీని, అంటే బ్లాక్ దొరకడంలోని కష్టాన్ని, పెంచేస్తుంది. 2013 ఆరంభంలో 30 లక్షల చుట్టూ ఉన్న డిఫికల్టీ ఏడాది చివరికి 118 కోట్లయింది. ధర పెరిగింది కదా అనవచ్చు. నిజమే, జనవరి మొదట్లో 13 డాలర్లున్న కాయిన్ డిసెంబరు చివర్లో 700 దాటింది. అయినా ఆ మెషిన్ రోజు సంపాదన 130 డాలర్ల నుంచి 20 డాలర్ల లోపుకి పడిపోయింది. కాయిన్ ధర యాభై రెట్లు పెరిగినా ఆలస్యం చేసిన నష్టం పూడలేదు.

ఫ్రిజ్ ఆర్డరిస్తే మూడు నెలలు ఆలస్యంగా వచ్చిందనుకోండి. కోపం వస్తుంది, కానీ వచ్చాక చల్లబరుస్తుంది. మైనింగ్ మెషిన్ అలా కాదు, అది అదను మీద వేయాల్సిన పంట లాంటిది. అందుకే ముందస్తు ఆర్డర్ కట్టినవాడు కొన్నది యంత్రాన్ని అనుకోవడం పొరపాటు అంటాను. అతను కొన్నది ఫలానా తేదీన మొదలయ్యే కొన్ని వారాల సంపాదన. ఆ వారాలు దాటిపోయాక పెట్టెలో వచ్చేది అల్యూమినియం, రాగి, ఫ్యాన్ల మోత.

ఈ పాఠం చాలామంది నేర్చుకున్నది బటర్‌ఫ్లై ల్యాబ్స్ దగ్గర. అమెరికాలోని కాన్సస్‌కు చెందిన ఈ కంపెనీ 2012 జూన్‌లో మైనింగ్ కోసమే తయారయ్యే ఏసిక్ చిప్‌లతో మెషిన్లు తెస్తున్నామంటూ పూర్తి డబ్బు ముందే కట్టించుకుని ఆర్డర్లు తీసుకుంది. 60 గిగాహ్యాష్‌ల మోడల్ ధర 1,299 డాలర్లు. 149 డాలర్ల బుల్లి మోడల్ కూడా ఒకటుంది, పేరు హలపేన్యో. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, పైన కాఫీ కప్పు పెడితే వెచ్చగా ఉంచుతుంది అని ప్రచారం చేశారు. చివరికి వచ్చినది 30 వాట్ల దాకా తాగుతూ వేరే అడాప్టర్ అడిగింది. కప్పు వెచ్చబెడుతుందన్న మాట మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే నిలబెట్టుకుంది! 2012లోనే పంపుతామన్న మెషిన్లలో మొదటివి బయటికి వచ్చింది 2013 ఏప్రిల్‌లో. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణ ప్రకారం 2013 సెప్టెంబరు నాటికి కూడా డబ్బు కట్టిన 20 వేల మందికి పైగా జనానికి మెషిన్ అందలేదు. 2014 సెప్టెంబరులో కమిషన్ కోర్టుకెళ్లి కంపెనీ కార్యకలాపాలను ఆపించింది. 2016లో రాజీ కుదిరింది.

ఈ కథలో నాకు ఆసక్తిగా అనిపించేది మోసం జరిగిందా లేదా అన్నది కాదు. అదే సమయంలో చైనా నుంచి అవలాన్ అనే మరో మెషిన్ వచ్చింది. బటర్‌ఫ్లై 65 నానోమీటర్ల చిప్ ఎంచుకుంటే అవలాన్ వాళ్లు 110 నానోమీటర్ల పాత తరం చిప్‌తో సరిపెట్టుకున్నారు. కాగితం మీద చూస్తే బటర్‌ఫ్లైదే పైచేయి, తక్కువ కరెంటుతో ఎక్కువ పని. కానీ అవలాన్ మొదటి మెషిన్ 2013 జనవరి చివరికల్లా కొనుగోలుదారు ఇంట్లో తిరుగుతోంది. పాత టెక్నాలజీ ముందు వచ్చి గెలిచింది. స్పెసిఫికేషన్ల పట్టికలో డెలివరీ తేదీ అనే గడి ఉండదు. మిగిలిన గడులన్నిటినీ కలిపినా దానికి సాటి రావు.

ఆలస్యాలన్నీ దురుద్దేశంతో జరిగేవని చెప్పను. చిప్ డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లాక నెలల తరబడి ఎదురుచూడాలి. మొదటి విడత చిప్ అనుకున్నదానికి రెట్టింపు కరెంటు తాగితే బోర్డు, హీట్‌సింక్, పవర్ సప్లై అన్నీ మళ్లీ గీసుకోవాలి. కొత్త హార్డ్‌వేర్ కంపెనీ ఎవరిదైనా ఇదే పాట్లు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు తయారీదారుడికి గోదాములో మిగిలిన సరుకు భారం. మైనింగ్ మెషిన్ తయారీదారుడికి మిగిలిన సరుకు ప్లగ్గు పెట్టిన మరుక్షణం నుంచి డబ్బు ముద్రిస్తుంది. కట్టినవాడికి ఇవాళ పంపాలా, వచ్చే నెల పంపాలా అన్నది తేల్చేవాడికే, పంపకపోతే లాభం. కొనుగోలుదారుల మెషిన్లతో కంపెనీయే తన కోసం మైనింగ్ చేసుకున్నాక వాటిని పంపిందన్నది బటర్‌ఫ్లై మీద కమిషన్ చేసిన ఆరోపణల్లో ఒకటి. తయారీదారులు నిజాయితీపరులే అనుకున్నా, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి పెట్టుబడితో ఇంకొకరు పోటీదారు కాగల వ్యాపారం ఇది. కొనేవాడు వడ్డీ లేని అప్పిచ్చి, ఆ అప్పుతో తనకే పోటీని తయారుచేయిస్తాడు.

ఇక డబ్బు దేనిలో కట్టారన్న ప్రశ్న. 2012 జూన్‌లో కాయిన్ ధర 6 డాలర్ల చుట్టూ ఉంది. 1,299 డాలర్లంటే 200 కాయిన్లకు పైమాటే. ఆ మెషిన్ 2013 అక్టోబరు 1న చేతికొచ్చిందనుకుని అప్పటి డిఫికల్టీల ప్రకారం లెక్కవేస్తే ఏడాది ఆఖరుకు వచ్చేవి సుమారు 7 కాయిన్లు. ఆ తర్వాత ఎంతకాలం తిప్పినా మొత్తం పది దాటడం కష్టం. డాలర్ల లెక్కలో అసలు తిరిగి వచ్చినట్టే కనిపిస్తుంది, ఏడు కాయిన్లు 700 చొప్పున వేసుకోండి. చాలామంది మైనర్లు ఈ కోణంలోనే చూసుకుని సంతృప్తిపడ్డారు. కాయిన్లు కొని ఊరికే కూర్చున్నవాడి దగ్గర 200 ఉన్నాయి. మైనింగ్ చేసినవాడి దగ్గర పదిలోపు. కాయిన్ ధర పెరుగుతుందని నమ్మినవాడు కాయినే కొనుక్కోవాలి గదా! పెరగదని అనుకునేవాడు మెషిన్ కొననే కూడదు. ఆ రెండింటి మధ్య మైనింగ్ లాభసాటి అయ్యే సందు చాలా ఇరుకు. మిగతావాళ్లకంటే ముందు మెషిన్ రావాలి, లేదా వాళ్లకంటే చవగ్గా కరెంటు దొరకాలి.

అవలాన్ మొదటి విడత కొన్నవాళ్లు ఆ సందులోంచి దూరిపోయారు, కాదనను. వాళ్ల కథలు విని క్యూ కట్టినవాళ్లకు మూడో విడత నాటికి ధర ఏకంగా 75 బిట్‌కాయిన్లయింది. మెషిన్ రాకముందే క్యూలో తమ స్థానాన్ని ఇతరులకు అమ్ముకున్న తెలివైనవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో ఆ రోజుల్లో అసలైన ట్రేడింగ్ చేసింది వాళ్లే.

వాపసు దగ్గర గొడవ ఇంకా ముదిరింది. హ్యాష్‌ఫాస్ట్ అనే కాలిఫోర్నియా కంపెనీకి చాలామంది బిట్‌కాయిన్లలోనే చెల్లించారు. మెషిన్లు గడువుకి రాలేదు, ఈలోగా కాయిన్ ధర ఎన్నో రెట్లయింది. కట్టినన్ని కాయిన్లు వెనక్కివ్వాలని కొనుగోలుదారులు, కట్టినరోజు డాలర్ విలువే ఇస్తామని కంపెనీ. 2014లో అది దివాలా తీసింది. ఆ కేసులోనే వేరే కోణంలో, కంపెనీ నుంచి ఒకరికి వెళ్లిన 3,000 బిట్‌కాయిన్లను ఏ విలువకు రాబట్టాలన్న వాదన వచ్చింది. ఇచ్చిననాడు వాటి విలువ 3 లక్షల 60 వేల డాలర్ల దరిదాపు, వాదన జరిగేనాటికి 12 లక్షలు దాటింది. 2016లో దివాలా కోర్టు జడ్జి బిట్‌కాయిన్ అంటే డాలర్ కాదని తేల్చారు గానీ, ఏ రోజు విలువ కట్టాలన్నది అప్పటికి తేల్చకుండా వదిలేశారు. ఆర్డర్ ఫారంలో ఒక్క వాక్యం స్పష్టంగా రాసుకుని ఉంటే రాని తగువులివి.

మెషిన్ వచ్చింది, కాయిన్లు పడుతున్నాయి. అమ్మాలా, దాచాలా? కరెంటు బిల్లు కాయిన్లలో తీసుకోరు. తవ్విన కాయిన్ మీద 100 బ్లాకులు పడేదాకా కదలదు, అది సుమారు 17 గంటలే కాబట్టి పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు మనసు. ధర పెరుగుతుంటే అమ్మబుద్ధి కాదు, పడుతుంటే అమ్మక తప్పదు. దాచుకునే చోటు కూడా సమస్యే. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా ప్రకటించినప్పుడు 8 లక్షల 50 వేల కాయిన్లు పోయాయని చెప్పింది, తర్వాత 2 లక్షలు దొరికాయి. నెలల తరబడి మెషిన్ కోసం ఆగి, రాగానే రాత్రింబవళ్లు తిప్పి, వచ్చినదంతా అక్కడ పెట్టినవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

ఇది చిన్నవాళ్ల అమాయకత్వం అనుకుంటే పెద్ద కంపెనీలను చూడండి. 2021 చివర్లో మేలురకం మెషిన్లు టెరాహ్యాష్‌కు (వెయ్యి గిగాహ్యాష్‌లు) 100 డాలర్ల పైన పలికాయి, నెలల ముందే వాయిదాల్లో డబ్బు కట్టి బుక్ చేసుకున్నారు. 2022 చివరికి ఆ ధర 20 డాలర్ల చుట్టూ తిరుగుతోంది. మెషిన్లనే తాకట్టు పెట్టి అప్పులు తెచ్చినవాళ్లకు కాయిన్ ధర, తాకట్టు విలువ, రోజు సంపాదన మూడూ కలిసి పడిపోయాయి. కోర్ సైంటిఫిక్ అనే అమెరికా మైనింగ్ కంపెనీ అప్పటిదాకా దాచుకున్న కాయిన్లలో 7,202 బిట్‌కాయిన్లను 2022 జూన్‌లో సగటున 23 వేల డాలర్లకు అమ్ముకుంది. అంతకు ఏడు నెలల ముందు ధర 69 వేలను తాకి వచ్చింది. డిసెంబరులో దివాలా రక్షణ కోరింది.

మధ్యలో ఒక తమాషా జరిగింది. 2021లో చైనా మైనింగ్‌పై విరుచుకుపడితే లక్షలాది మెషిన్లు ఆగిపోయి, జూలై 3న డిఫికల్టీ ఒక్కసారే 28 శాతం పడిపోయింది. మిగతా దేశాల్లో తిరుగుతున్న మెషిన్లకు ఏ ఖర్చూ లేకుండా పంట పండింది. ఆ వారాల్లో ఓడల మీద, కస్టమ్స్ గోదాముల్లో ఉన్న మెషిన్లకు దక్కింది సున్నా.

ఇప్పటికీ ఆర్డర్ పత్రాల్లో ఉండేది నెల పేరే, అదీ సుమారుగా. ఫలానా నెలలో పంపుతాం అని రాసే బదులు, పంపేరోజు డిఫికల్టీ ఆర్డర్ రోజుకంటే ఎంత శాతం పెరిగితే ధరలో అంత కోత అని రాయడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు. ఆ అంకె ప్రపంచమంతటికీ ఒకటే, ఎవరూ దాచలేరు, రెండు వారాలకోసారి దానంతటదే మారుతుంది. తయారీదారుడు దానికి ఒప్పుకోకపోతే, మెషిన్ ఎప్పుడొస్తుందని అతను మనసులో అనుకుంటున్నాడో కొనేవాడికి తెలిసిపోయినట్టే.