యాంటీ-డి గారికి సంజాయిషీ నోటీసు

నెగెటివ్ రక్తం గల తల్లులకు సూదిమందుగా వచ్చే మహారాజశ్రీ యాంటీ-డి ప్రతిరక్షకం గారి సముఖానికి, హనుమకొండ నుండి, తన రక్తం నెగెటివ్ అయిన, ఇద్దరు పిల్లల తల్లి విన్నవించుకునేది.

తమరు రోగనిరోధక శాఖలో ఉద్యోగి. పరాయి కణం కనబడితే ఫిర్యాదు నమోదు చేసి, సాక్ష్యం భద్రపరిచి, మళ్లీ వస్తే వెంటపడి తరమడం ఆ శాఖ బాధ్యత. అదే శాఖ జీతం తింటూ, కాన్పు వేళ బిడ్డ నుండి తల్లి రక్తంలోకి జారిన పాజిటివ్ ఎర్రకణాల, అంటే నెగెటివ్ తల్లికి లేని ‘డి’ అనే ముద్ర పైన ఉన్న కణాల, మీద ఫిర్యాదు ఇన్‌వర్డ్ రిజిస్టరులోనే ఎక్కకుండా తమరు మాయం చేస్తున్నారు. ఆ మాయం వల్లనే నాకు రెండో బిడ్డ దక్కింది కాబట్టి నేను నేరుగా ఆక్షేపించలేను. కానీ ఎలా మాయం చేస్తున్నారో ఇన్నేళ్లయినా చెప్పకపోవడం మాత్రం శాఖాపరమైన విచారణకు తగిన విషయం.

తమరు లేనప్పుడు ఏం జరిగేదో మా వైపు పెద్దవాళ్లకు బాగా గుర్తే. మొదటి కాన్పు క్షేమంగా దాటేది, అప్పుడు నమోదైన ఫిర్యాదు పట్టుకుని తల్లి ఒంట్లోని శాఖ రెండో బిడ్డ ఎర్రకణాల వెంటపడేది; ఆ బిడ్డ నెత్తురు లేక పాలిపోయి, కామెర్లతో పుట్టేది, లేదా కడుపులోనే పోయేది. అప్పుడు కోడలి జాతకం తిరగేసేవారు, దిష్టి తీసేవారు, అచ్చిరాని పిల్ల అనేవారు. ఆ డి ముద్ర బిడ్డకు తండ్రి నుండి వచ్చిందన్న మాట ఏ పంచాయితీలోనూ ఎవరి నోటా వినబడేది కాదు.

తమ సర్వీసు రికార్డు ఘనమైనదే. లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, రోనాల్డ్ ఫిన్, న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రెడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ తమను పనిలో పెట్టగా, 1968లో అమెరికాలో తమకు లైసెన్సు వచ్చింది. కాన్పయిన 72 గంటల్లోగా తమరు రావాలన్న నియమం ఏ ప్రకృతి ధర్మమూ కాదు. సింగ్ సింగ్ జైలులో ఖైదీల మీద ప్రయోగాలు జరిగినప్పుడు జైలు అధికారులు పెట్టిన ఆంక్షల నుండి పుట్టిన గడువు. ఖైదీల వేళలను బట్టి బాలింతల వేళలు నిర్ణయమైన శాఖ ప్రపంచంలో ఇదొక్కటే అయివుంటుంది. తమరు లేకుంటే, ఏబీఓ గ్రూపు కలిసిన పాజిటివ్ బిడ్డను కన్న నెగెటివ్ తల్లుల్లో సుమారు 16 శాతం మందికి డి మీద సొంత ప్రతిరక్షకాలు పుట్టేవి. కాన్పు తర్వాత తమరు వస్తే అది 2 శాతం లోపుకు దిగింది, గర్భం 28వ వారంలో కూడా వస్తే ఇంకా తగ్గింది.

ఇక అభియోగాలు. తమరు ఆ కణాలను ప్లీహానికి తరలించి భక్షక కణాలచేత మింగిస్తారని మొదట అనుకున్నారు. కానీ ఎలుకల్లో, కణాలను చకచకా తొలగించినా స్పందనను ఆపలేని ప్రతిరక్షకాలూ ఉన్నాయి, తొలగించకుండానే ఆపేవీ ఉన్నాయి. డి ముద్రను కప్పేసి కనబడకుండా చేస్తారందామంటే, తమ 300 మైక్రోగ్రాముల మోతాదు సుమారు 15 మిల్లీలీటర్ల ఎర్రకణాలకు రక్షణ ఇస్తుంది గాని, వాటి మీది డి స్థానాలన్నింటినీ కప్పడానికి ఏమాత్రం చాలదు. పైగా ఎర్రకణాల మీద ఉండే కెల్ అనే మరో ముద్రకు అంటుకునే ప్రతిరక్షకం, అదే కణం మీది డి ముద్రకు రావలసిన స్పందనను కూడా ఆపింది; కప్పినది ఒకటి, మాయమైనది మరొకటి! ప్రతిరక్షకాలను తయారుచేసే బి కణాలను అణచే ఎఫ్‌సి గ్రాహకం (ప్రతిరక్షకం తోకను పట్టుకునే కొక్కెం) ద్వారా పైరవీ చేస్తారన్నారు. ఆ గ్రాహకమే లేని ఎలుకల్లోనూ పని ఆగలేదు. కణాన్ని బతకనిచ్చి దాని మీది ముద్రను మాత్రం ఊడ్చేస్తారన్నది ఇప్పుడు కొందరి అనుమానం.

తమ బంధువర్గం వ్యవహారం మరీ గందరగోళం. తమకు లైసెన్సు వచ్చిన 1968లోనే హెన్రీ, జెర్న్ అనే శాస్త్రవేత్తలు గొర్రె ఎర్రకణాలతో ఎలుకల మీద ప్రయోగం చేసి, తమ రకం ప్రతిరక్షకమైన ఐజీజీ స్పందనను అణచితే ఐజీఎం అనే మరో రకం దాన్ని పెంచుతుందని చూపారు. ఎర్రకణం విషయంలో నోరు నొక్కే ఐజీజీయే, కరిగిన ప్రోటీను విషయంలో ఫిర్యాదు గట్టిగా రాయిస్తుంది. ప్రయోగశాలలో తయారుచేసిన తమ ప్రతిరూపాలను కొన్నింటిని వాలంటీర్లకు ఇచ్చి చూస్తే, కణాలను త్వరగా తొలగించి కూడా స్పందనను ఆపలేకపోయాయి.

మరొకటి. ఒకసారి నమోదైపోయిన ఫిర్యాదును తమరు కొట్టివేయలేరు. అందుకే మొదటి కాన్పుకే, కాదు, మొదటి గర్భస్రావానికే తమను పిలవాలి. ఈ మాట గోడ మీద రాయించడానికి చందా అడిగితే ఇవ్వని మా వీధిలో, రెండో బిడ్డకు కామెర్లు వచ్చాక తాయెత్తుకు ఎంతైనా ఇస్తారు.

సంజాయిషీకి గడువు విధించడం లేదు. నర్సంపేటలో ఉన్న మా చెల్లెలికి వచ్చే నెల 28వ వారం వస్తుంది. తమరు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య సిద్ధంగా ఉండి, ఎప్పటిలాగే ఏమీ చెప్పకుండా పని కానివ్వగలరు.

ఇట్లు,
తమ లబ్ధిదారు