జాకెట్టు ముక్క ఈ వారమే ఇవ్వండి

ధనుర్మాసం వచ్చేసింది. వాకిళ్లలో నెల ముగ్గులు పడుతున్నాయి. ఇంకో నెల గడిస్తే భోగి. ఈ రోజుల్లో ఏ చిన్న పట్టణంలోనైనా మధ్యాహ్నం పూట టైలర్ దుకాణంలోకి తొంగిచూడండి. మిషన్ మీద మనిషి పేపర్ చదువుకుంటూ కనిపిస్తాడు. జనవరి రెండో వారంలో అదే మనిషి రాత్రి 2 గంటలైనా సీటు మీంచి లేవడు. గోడ మేకులకు వరసగా సంచులు. ప్రతి సంచిలో ఒక చీర, దానికి పిన్నుతో గుచ్చిన జాకెట్టు ముక్క, కొలతకు ఒక పాత జాకెట్టు. అన్నిటి మీదా ఒకటే మాట: భోగికి. లైనింగ్ తడిపి ఆరేయాలి, ఫాల్ కుట్టాలి, పీకో చేయాలి. హుక్కులు, హెమ్మింగ్ పని వెనక వీధి ఆడవాళ్లు ఇంటికి పట్టుకెళ్లి చేసి తెస్తారు. జాకెట్టుకు ఇంతని వాళ్ల లెక్క. పండగ ముందు నాలుగు రాత్రుల్లో ఓ గంట కరెంటు పోతే ఆ ఇళ్లన్నిటా టెన్షనే.

పండగ ముందురోజు వెళ్లి అడిగితే ‘ఇంక కుదరదమ్మా’ అంటాడు. మనం మాల్‌కు వెళ్లి రెడీమేడ్ జాకెట్టు కొనుక్కుంటాం. ఆ గిరాకీ అతని పనితనం బాగోలేక పోలేదు, రేటు ఎక్కువై పోలేదు. రోజులు చాలక పోయింది.

చిన్న వ్యాపారులను ఆదుకోండని ప్రతి పండక్కీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పత్రికలూ రాస్తూనే ఉంటాయి. ‘ఆదుకోవడం’ అనగానే అందులో కాస్త జాలి కలుస్తుంది. మిషన్ తొక్కేవాడికి మన జాలితో పనిలేదు. క్రిస్మస్‌తో మొదలై కనుమతో ముగిసే ఈ మూడు వారాలూ అతనికి సీజన్. ఆ సీజన్‌ను మనమంతా కలిసి చివరి వారంలోకి కుక్కేస్తున్నాం. అందుకే ఈసారి మేం అడిగేది చిన్నదే. కొనదలచుకున్నది ఇప్పుడే చెప్పండి, సగం డబ్బు ఇప్పుడే ఇవ్వండి.

చేతి పనిని తొందరపెట్టలేం. అరిసెలనే తీసుకోండి. బియ్యం ముందురోజే నానాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పాకం కాస్త ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. పొయ్యి దగ్గర కూర్చున్నావిడ కళ్లతో, వేళ్లతో తేల్చుకోవాల్సిన లెక్క అది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పైన పరిచి తీస్తారు. రెప్పపాటులో రేకు వస్తుంది. కానీ ఒక్కోసారికి ఒక్క రేకే. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంతకుముందే, 2017లో, బందరు లడ్డుకూ ఏటికొప్పాక బొమ్మలకూ వచ్చింది. గుర్తింపు వస్తే ఆర్డర్లు పెరుగుతాయేమో గాని, కుండ మీద చెయ్యి రెండింతల వేగంతో ఆడదు కదా! పొంగలి కుండ సంగతీ అంతే. ఈ మంచులో పచ్చికుండ ఆరడానికే రోజులు పడుతుంది, ఆ తర్వాత గదా ఆవంలో పెట్టి కాల్చడం. భోగి ముందురోజు కుండ కోసం వెతికేవాళ్లకు దొరక్కపోతే తప్పు కుమ్మరిది కాదు.

సగం డబ్బు ముందే ఇమ్మనడానికి ఇంకో కారణం ఉంది. బెల్లం, నెయ్యి, లైనింగ్ గుడ్డ, ముగ్గు రంగులు, గాలిపటాల కాగితం ఏదైనా సరే, సరుకు ఇప్పుడే తెచ్చుకోవాలి. డబ్బు మాత్రం జనవరిలో గాని రాదు. ఈ రెంటి మధ్య ఖాళీని ఎవరు నింపుతున్నారు? రోజువారీ వసూలు మీద అప్పిచ్చేవాళ్లు. దీన్ని తెలంగాణలో గిరిగిరి అంటారు, ఆంధ్రలో డైలీ ఫైనాన్స్ అంటారు. 10,000 అప్పు రాసుకుని చేతిలో 9,000 పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ పోతుంది కాబట్టి, లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది. మనం ముందు ఇచ్చే 500 రూపాయలు ఆ మేరకు ఈ అప్పును తగ్గిస్తాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఫైనాన్స్ కుర్రాడి బండి మాత్రం కదులుతుంది.

దీనికి విరుగుడుగా 2020లో కరోనా కాలంలో తెచ్చిన పీఎం స్వనిధి పథకం ఉంది. వీధి వ్యాపారులకు తొలి విడత 10,000 ఇచ్చేవారు, ఇప్పుడది 15,000 అయింది. హామీ అక్కర్లేదు, సకాలంలో కడితే వడ్డీలో 7 శాతం రాయితీ. అయితే సీజన్‌కు సరుకు వేసుకునే వాడికి డిసెంబరులో రావాల్సిన అప్పు ఫిబ్రవరిలో మంజూరైతే ఏం లాభం? బ్యాంకు మేనేజర్లు తమ టేబుల్ మీదున్న దరఖాస్తులను ఈ వారం ఓసారి తిరగేయాలి.

ఆఫీసుల సంగతి వేరే చెప్పాలి. పండక్కి సిబ్బందికి స్వీట్ బాక్సులు, బ్యాగులు, డైరీలు ఊళ్లోని చిన్న యూనిట్ల దగ్గరే తీసుకునే సంస్థలు ఉన్నాయి, సంతోషం. బిల్లు మాత్రం మార్చి దాకా తిరుగుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి చట్టమే చెబుతోంది. వచ్చే ఏడాది ఆర్డరు పోతుందన్న భయంతో ఆ చట్టం పేరెత్తే చిన్న వ్యాపారి అరుదు.

మా మాటా చెప్పుకోవాలి. పండగ రోజుల్లో పత్రికల మొదటి పేజీ నిండా కనిపించేవి మాల్స్, ఆన్‌లైన్ కంపెనీల ప్రకటనలే. వీధి చివరి టైలర్ ప్రకటన ఇవ్వడు, ఇవ్వలేడు. ఆ పేజీ తిప్పితే వచ్చే ఈ సంపాదకీయంలో అతని గురించి రాయడం కొంత వింతగానే ఉందని మాకు తెలుసు.

చిన్న దుకాణమైతే చాలు, అన్నీ బాగుంటాయని మేమనడం లేదు. పవర్‌లూమ్ చీరను చేనేత అని అంటగట్టేవాళ్లున్నారు. నేతి మిఠాయి అని చెప్పి డాల్డాలో వేయించేవాళ్లున్నారు. చీరకు హ్యాండ్లూమ్ మార్క్ ఉందో లేదో అడగండి, మిఠాయి రుచి చూశాకే తూకం వేయించండి. నచ్చకపోతే లేచి రావడానికి మొహమాటం అక్కర్లేదు. పక్క వీధిలోనే ఇంకో దుకాణం ఉంటుంది.

హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు ఒక మాట. పిల్లల బట్టల నుంచి పిండివంటల దాకా సిటీలోనే కొని బస్సు డిక్కీ నింపుకుని వెళ్తారు. అమ్మకో, పిన్నికో ఇవాళ ఫోన్ చేసి ‘ఆ సందులో ఆవిడకు నాలుగు కిలోల అరిసెలు చెప్పు’ అంటే చాలు, డబ్బు ఫోన్‌పేలో పోతుంది. తిరుగు ప్రయాణంలో ఆ డబ్బాలే డిక్కీలో ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లు కొరియర్ చార్జీలు కట్టి మరీ తెప్పించుకునేవి ఇలాంటి వంటలే.

మున్సిపాలిటీలు చేయాల్సింది ఇంకా ఉంది. పండగ వారంలో ట్రాఫిక్ పేరుతో తోపుడు బళ్లను తరమడం, కాటాలు ఎత్తుకుపోవడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్ ఇచ్చేదాకా వ్యాపారిని ఖాళీ చేయించకూడదు. పట్టుకున్న సరుకును యజమాని అడిగాక పాడైపోయేదైతే అదే రోజు, కానిదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. బంతిపూలు, రేగుపళ్లు, చెరకు గడలు అమ్మేవాళ్లకు ఈ నిబంధన ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీని ఈ నెలలోనే ఒకసారి కూర్చోబెట్టి, పండగ పది రోజులకు ఎక్కడెక్కడ అమ్ముకోవచ్చో తేల్చి బోర్డులు పెట్టాలి. ఆశీలు (అమ్ముకునే చోటుకు కట్టే రుసుము) కాంట్రాక్టర్ బండికి ఎంత వసూలు చేయాలో అదే బోర్డు మీద రాయాలి, ఆ పది రోజులకు మాఫీ చేస్తే మరీ మంచిది. బోర్డు దగ్గర ఒక వీధిదీపం, ఒక మంచినీళ్ల కుళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. భోగికి ఇంకా నెల రోజులుంది కాబట్టి టైము లేదనడానికి కమిషనర్లకు వీల్లేదు.