మద్దెల జప్తు

ఆడలేక మద్దెల ఓడన్నారని పెద్దలు వెక్కిరించారు గానీ, పాపం, వారికి జాతీయ భద్రత అంటే ఏమిటో తెలియదు. మద్దెల నిజంగానే ఓడైతే? సైన్యం చేత జప్తు చేయించి పరీక్షించవద్దా? 2020 డిసెంబరులో అమెరికాలో, ఎన్నికలో ఓడి ఓటింగ్ యంత్రాల్లో మోసం జరిగిందంటున్న అధ్యక్షుడు ట్రంప్‌కు కొందరు దూరదర్శులు ఇచ్చిన సలహా ఇదే.

అప్పటికి బైడెన్‌కు 306, ట్రంప్‌కు 232 ఎలక్టొరల్ ఓట్లు, అంటే అధ్యక్షుణ్ణి తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లు. జార్జియాలో బ్యాలెట్లను చేత్తో లెక్కపెడితే, చేతులు కూడా యంత్రాల పక్షమే అని తేలింది. కోర్టుల్లో కేసులు వరసగా వీగిపోయాయి. ఫలితం మారేంత మోసమేదీ కనబడలేదని ట్రంప్ సొంత అటార్నీ జనరలే అన్నారు. ఇంతమంది ఒకే మాట చెబుతున్నారంటే అనుమానం రాదూ?

అందుకే డిసెంబరు 16 తేదీతో ఒక ముసాయిదా ఉత్తర్వు తయారైంది. ఓటింగ్ యంత్రాలను రక్షణ మంత్రి తక్షణం స్వాధీనం చేసుకోవాలి. నివేదికకు గడువు 60 రోజులు. జనవరి 20న కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేయాలి, గడువేమో ఫిబ్రవరి మధ్యకు చేరుతుంది. దీన్ని దురుద్దేశమనడం అన్యాయం. మద్దెల పరీక్ష తొందరపడితే అయ్యే పనా? ఉత్తర్వుకు చూపిన ఆధారాల్లో ఒకటి, ఎన్నికల్లో వేలుపెట్టే విదేశీయులపై ఆంక్షల కోసం 2018లో ట్రంపే ప్రకటించిన అత్యవసర పరిస్థితి. మరి విదేశీయుడు కావాలి కదా! వెనిజులా నేత చావెజ్ దొరికారు. ఆయన 2013లోనే చనిపోయారు. చచ్చినవాళ్లు ఓట్లేశారన్న ఫిర్యాదు పాతదే. ఎన్నికలు తారుమారు చేసే సాఫ్ట్‌వేర్‌ను చచ్చినవాడు పుట్టించి పోయాడనడంలో మాత్రం కొత్తదనముంది, ఒప్పుకోవాలి.

డిసెంబరు 17న మాజీ జనరల్ ఫ్లిన్, కొన్ని రాష్ట్రాలకు సైన్యాన్ని పంపి ఎన్నిక మళ్లీ జరిపించవచ్చని టీవీలో సెలవిచ్చారు. మర్నాడు రాత్రి న్యాయవాది సిడ్నీ పావెల్‌తో కలిసి ఓవల్ ఆఫీసులో తేలారు. కబురందుకుని పరుగున వచ్చిన శ్వేతసౌధం న్యాయ సలహాదారు సిపొలోన్, అక్కడున్న మూడో పెద్దమనిషిని చూసి వేసిన ప్రశ్న: "మీరెవరు?" ఆయన ఇంటర్నెట్‌లో ఇంటి సామాన్లు అమ్మే కంపెనీకి ఒకప్పటి అధిపతి. సిపొలోన్‌ది మొరటుతనమే. అత్యవసర అధికారాల గురించి మాట్లాడేవారు పరిచయస్థులే కావాలని ఏ చట్టంలో ఉంది? ఇంటర్నెట్‌కు తగిలించిన థర్మోస్టాట్ల (గది వేడిని కొలిచి అదుపుచేసే యంత్రాల) ప్రస్తావన కూడా ఆ గదిలో వచ్చిందని మరో న్యాయవాది తర్వాత వాంగ్మూలమిచ్చారు. అర్ధరాత్రి దాటేదాకా అరుపులే. గది ఎంత వేడెక్కిందో ఆ యంత్రాన్నే అడగాలి.

చివరికి సంతకం పడలేదు. 2018 నాటి అత్యవసర పరిస్థితి మాత్రం చెక్కుచెదరలేదు. ఏ ఎన్నికను కాదనడానికి దాన్ని బయటికి తీశారో, ఆ ఎన్నికలో గెలిచిన బైడెనే దాన్ని ఏటా సెప్టెంబరులో పొడిగిస్తూ పోయారు. అయినా 1979లో ఇరాన్ పేరు చెప్పి కార్టర్ ప్రకటించిన అత్యవసరం ఇప్పటికీ ఏటేటా కొనసాగుతోంది. దాని ముందు ఇది పాలు తాగే పసిబిడ్డ.