ధరావతు సర్కారుకు, అప్పులు మేస్త్రికి

టెండరు పిలిచిన ప్రతిసారీ సర్కారు తన జాగ్రత్త తాను పడుతుంది. ముందు ధరావతు, అగ్రిమెంటు నాడు బ్యాంకు గ్యారంటీ, ఆపైన పని నడుస్తుండగా ఇచ్చే రన్నింగ్ బిల్లుల్లో ఎఫ్‌ఎస్‌డీ (అదనపు సెక్యూరిటీ డిపాజిట్) కోత. కాంట్రాక్టరు పని సగంలో వదిలేసినా శాఖ నష్టపోకూడదు కదా. మరి అదే కాంట్రాక్టరు సెంట్రింగ్ మేస్త్రికో, కంకర తోలిన టిప్పర్ ఓనరుకో, సిమెంటు అరువిచ్చిన కొట్టుకో ఎగ్గొడితే? వాళ్ల పేరున ఎక్కడా రూపాయి గ్యారంటీ లేదు. చేసిన పనులకు సర్కారు నుంచి డబ్బు రాని పెండింగ్ బిల్లుల గొడవ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెలియనివారు లేరు, మళ్లీ ఏకరువు పెట్టను. అందులో కాంట్రాక్టర్ల గోడు పేపర్లకెక్కుతుంది, హైకోర్టు దాకా వెళ్తుంది. వాళ్ల కింద పనిచేసినవాళ్ల గోడు ఊరు దాటదు.

రాజాం వైపు ఒక మేస్త్రి లెక్కల పుస్తకం చూశాను. స్కూలు అదనపు గదుల పని. ఒక పేజీలో రాడ్ బెండింగ్ కూలీల హాజరు, ఎదురు పేజీలో వాళ్లకివ్వడానికి అతను వడ్డీకి తెచ్చిన డబ్బు. స్లాబు పడింది, పిల్లలు కూర్చుంటున్నారు, ఇతని సొమ్ము రాలేదు. "కంట్రాక్టరు బిల్లు పడనేదంతాడు, ఆఫీసుకెళ్తే నువ్వెవులివంతారు" అన్నాడు. ఆఫీసు వాళ్లదీ అబద్ధం కాదు. అగ్రిమెంటులో అతని పేరుండదు, పని కొలతలు రాసే ఎం.బుక్‌లో ఉండదు, సర్కారు బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో టోకెన్ నంబరు అతనికి రాదు.

కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్ చెప్పింది. ఆ బాధ్యత కొత్త లేబర్ కోడ్‌లోకీ వచ్చింది. కానీ అది కూలి వరకే, కంకరకూ టిప్పర్ కిరాయికీ వర్తించదు. అయినా శాఖ మీద ఫిర్యాదు పెట్టి, రేపు అదే శాఖ పనిలో దిగగల మేస్త్రి ఎవరండీ?

అమెరికా 1935లోనే మిల్లర్ చట్టంతో దీనికి దారి చూపింది. సర్కారు భవనాన్ని బాకీ రావాల్సినవాళ్లెవరూ జప్తు చేయించలేరు కాబట్టి, ఫెడరల్ నిర్మాణ పనులు చేసే కాంట్రాక్టరు పని పూర్తికి హామీగా పనితీరు బాండుతో పాటు, తన కింద పనిచేసినవాళ్ల బాకీలకు హామీగా పేమెంట్ బాండు కూడా పెట్టాలంది. చివరి పని చేసి 90 రోజులు దాటినా డబ్బు రాకపోతే సబ్ కాంట్రాక్టరు, సరఫరాదారు ఆ బాండు మీద ఏడాదిలోపు దావా వేయొచ్చు. మన దగ్గరా 2022 ఏప్రిల్ నుంచి ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలతో ష్యూరిటీ బాండ్లు, అంటే ఇన్సూరెన్సు కంపెనీలిచ్చే హామీలు, వచ్చాయి. బిడ్‌కు, పనితీరుకు, అడ్వాన్సుకు, బిల్లుల్లో ఆపి ఉంచే రిటెన్షన్ సొమ్ముకు. అన్నీ పని ఇచ్చినవాడిని కాపాడేవే!

నన్ను పేమెంట్ బాండు వైపు లాగింది డబ్బు వాపసు కాదు, వడపోత. ఎగ్గొట్టిన బాకీ తానే కట్టాలంటే ఇన్సూరెన్సు కంపెనీ ఊరుకోదు. కాంట్రాక్టరు చేతిలో ఎన్ని పనులున్నాయి, పాత బాకీలెన్ని, ఎస్టిమేటు కన్నా ఇంత తక్కువకు, అంటే లెస్‌కి, టెండరు వేసి పని ఎలా పూర్తి చేస్తాడు అని ముందే ఆరా తీస్తుంది. అతను ఏ ఎమ్మెల్యే మనిషన్నది దానికి అక్కర్లేదు. భారీ లెస్‌కి వేసి, ఆ లోటు మేస్త్రి దగ్గర పూడ్చుకునేవాడికి బాండే దొరకదు.

ప్రీమియం భారం ఎస్టిమేటు మీదే పడుతుందంటారు. పడనివ్వండి, ఇప్పుడు ఆ ఖర్చు మేస్త్రి వడ్డీ రూపంలో మోస్తున్నాడు. సర్కారే బిల్లు ఇవ్వకపోతే కాంట్రాక్టరేం చేస్తాడన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. అయితే అప్పుడు ముందు బాండు కంపెనీ కడుతుంది, తర్వాత ఆ సొమ్ము కోసం కాంట్రాక్టరు మీద పడుతుంది. బిల్లు ఆలస్యమైన కొద్దీ ప్రీమియం పెరిగితే ఆర్థిక శాఖకూ కాస్త టెన్షన్ పుడుతుంది.

ఉత్తరాంధ్ర వలసల గురించి మాట్లాడేవాళ్లు వర్షాలు, భూమి, ఫ్యాక్టరీలు అంటారు. సొంత ఊళ్లో పని చేసి మునిగినవాడి లెక్క ఎవరూ తీయరు. వంశధార, తోటపల్లి కాలువలు, ఊరూరా సీసీ రోడ్లు, ఇప్పుడు మూలపేట పోర్టు... పనులకు కొదవేముంది? అయినా చెన్నై, హైదరాబాద్ రైళ్లు ఖాళీగా పోవడం లేదు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో ఈ రెండు జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. అంత దూరం పోవడానికి కారణం ఎక్కువ కూలి ఒక్కటే కాదు. అక్కడ వారానికో నెలకో డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం.

కోటి రూపాయలు దాటిన ప్రతి పనికీ టెండరు షెడ్యూల్లోనే పేమెంట్ బాండు షరతు పెట్టాలి. బాండు ఇచ్చిన కంపెనీ పేరు, ఫోన్ నంబరు, ఎన్ని రోజుల్లోగా క్లెయిమ్ చేయాలో పని దగ్గర బోర్డు మీద తెలుగులో రాయాలి. ఈ షరతుతో మొదటి పని విజయనగరం జిల్లా తారకరామ తీర్థసాగర్ జలాశయంలోనే ఇస్తారో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇస్తారో సర్కారు ఇష్టం.