వేవ్ ఫైల్ దొరవారికి దండాలతో

దొరా,

మీకేం, మీరు క్షేమమే. ఊపిరాడనిది మా హార్డ్ డిస్కుకు. మేం రికార్డు చేసిన జాతర సప్పుళ్ళను, కథలను కుదించకుండ దాచే ఫైలు మీరాయె. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అంటే గంటకు ఒక గిగాబైటుకు పైనే మీ పన్ను. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద భేరీలు దద్దరిల్లినా, ఒగ్గుకథ నడుమ కథకుడు చాయ్ తాగుతూ కూసున్నా సెకనుకు అవే 2,88,000 బైట్లు. సప్పుడు లేనిదానికి గూడ నిండు పన్నా?

1991ల మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి మిమ్మల్ని పుట్టించినప్పుడు, సైజు రాసుకోను నాలుగే బైట్ల జాగ ఇచ్చిండ్రు. 4 గిగాబైట్లు దాటితే అంకె పట్టదు. తెల్లందాక సాగే కథ మీ లెక్కల నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకే ఖతం. మంచి రికార్డరైతే రెండో ఫైలు తెరుస్తది, లేకుంటే హెడరు, అంటే ఫైలు మొదట్ల వివరాలుండే భాగం, పాడైతది.

అందుకే సప్పుడు ఏం పోకుండ ఫైలును కుదించే ఫ్లాక్‌కు పట్టా చేస్తున్నం. అది వెనకటి శాంపిళ్ళు (సప్పుడును కొలిచిన అంకెలు) చూసి రాబోయేది అంచనా కడ్తది, తప్పిన తేడానే రాసుకుంటది. విప్పితే ప్రతి బిట్టూ మళ్ళ దొరుకుతది. మాట, పాట సగం దాక తగ్గొచ్చు. తాళాలు, జనరేటర్ రొద నిండినయి అంతగా తగ్గయి. రొదను అంచనా కట్టుడు ఎవరి తరం? ఒక్క మైకు సప్పుడునే రెండు చానళ్ళల్ల నింపినదైతే తేడా సున్నా, రెండోది దాదాపు పుణ్యానికే వస్తది. కుదింపు లెవెల్ 8 పెడుతున్నం. టైమే కొంత ఎక్కువ, నాణ్యత ఏ లెవెల్‌కైనా ఒకటే. కళాకారుల పేర్లు, ఊర్లు ట్యాగుల్ల తెలుగుల్నే రాసుకోవచ్చు.

మీ చినదొర 32 బిట్ ఫ్లోట్‌తోనే తంటా. సున్నా డెసిబెల్ హద్దు దాటిన సప్పుడును గూడ పట్టుకునే వేవ్ రకం ఆయన. ఆయనను ఫ్లాక్ గడప తొక్కనియ్యదు. ముందుగాల పీకు (అన్నిటికన్న పెద్ద సప్పుడు) సున్నా డెసిబెల్ దాటకుండ గెయిన్ (సప్పుడు మోత) తగ్గించి, అప్పుడు 24 బిట్లకు మార్చాలె. గెయిన్ మరిచినమా, కథకుడు గొంతెత్తిన చోటల్లా అల పైభాగం తెగిపోతది.

మిమ్మల్ని తుడిచే తొందర లేదు. ఎన్‌కోడ్‌ల వెరిఫై పెట్టి, అయినంక టెస్ట్ నడిపి, సప్పుడు మారలేదని చూపే వేలిముద్ర లాంటి ఎండీ5 అంకె సరిపోయి, ఇంకో డిస్కుకు కాపీ చేరినంకనే డిలీట్.

మీ వేషం కట్టి ఒరిజినల్‌నని తిరిగే ఎంపీ3లు గూడ ఉన్నయి. వాటిని ఫ్లాక్ చేస్తే బరువు పెరుగుడే, పోయిన సప్పుడు రాదు. ఎంపీ3 లెక్కనే కొంత సప్పుడు పోగొట్టి కుదించే ఓపస్ వాట్సాప్‌కు మస్తు, భద్రం చేసేటందుకు పనికిరాదు.

ఎడిటింగ్ కాడ మీ కుర్చీ మీదే. పని అయిపోయినంక మాత్రం ఖాళీ చేయుండ్రి.

ఇట్లు,
జాగ చాలని నల్లగొండోళ్ళు