పులిగారి గుడ్డు

నిన్న సాయంత్రం మా వీధి గుడిలో, దేవుడి బల్ల కింద దూరి, మోకాలితో పచ్చి గుడ్డు చితక్కొట్టాను. ప్యాంటు ఇంకా ఆరలేదు.

తైవాన్‌లో, సించూలో ఉంటున్నాను. ఇల్లు మారుతున్నాను. రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇంటాయన దగ్గర ఇరుక్కుంది. వెంకన్న క్యాలెండరు కోసం నేను కొట్టిన మేకుతో గోడ పాడైందట. ఒక్క మేకు! "గుడిలో అడుగు బాబూ" అంది కింది ఇంటి అవ్వ.

గుడి తూదీగోంగ్‌ది. మన బొడ్రాయిలాగే పేటకొక దేవుడు, కాకపోతే తెల్లగడ్డం తాత. మోకాళ్ల నొప్పికి మందు దగ్గర్నుంచి ఎవరి కోడలు అలిగి వెళ్లిందనే దాకా, వీధి సంగతులన్నీ ఆయన ముందున్న టీ బల్ల దగ్గరే తేలతాయి.

పేరు, అడ్రసు, పుట్టినరోజు చెప్పుకుని, అడగాల్సింది అడిగి, నెలవంకల్లాంటి రెండు చెక్కలు నేల మీద వేయాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వాడని.

నవ్వాడు. "గట్టిగా, వివరంగా అడుగు" అంది అవ్వ. మళ్లీ నవ్వాడు. మూడోసారి ఇంటాయన పేరు, డబ్బు లెక్క, మేకు పొడవుతో సహా, నాకొచ్చిన ముక్కల చైనీస్‌లో అరిచి మరీ వేశాను. ఒక చెక్క జారి దేవుడి బల్ల కిందికి పోయింది.

దూరాను. చీకట్లో ఎవరో నన్నే చూస్తున్నారు. పులి! హూయే అనే పులి దేవుడి చోటు అదేనని, ఆయనకు పచ్చి గుడ్లు పెడతారని నాకెవరు చెప్పారు? మా ఇంట గుడ్డు గుమ్మం దాటి ఎరగదు, ఇప్పుడు నా మోకాలి నుంచి కారుతోంది. "తప్పయిపోయింది స్వామీ" అని తెలుగులోనే లెంపలేసుకోబోతే తల బల్లకు కొట్టుకుంది. ఇంతలో పైన టీ బల్ల దగ్గర వాదన మొదలైంది, బల్ల కింద పడ్డ చెక్క లెక్కలోకి వస్తుందా రాదా అని. వస్తుందని ఇద్దరు. రాదని అవ్వ.

"రాదు, మళ్లీ వెయ్యమనండి" అన్నదో గొంతు. ఆ గొంతు నాకు ప్రతి నెలా ఒకటో తారీఖున వినిపించేదే.

బయటికొస్తే టిష్యూ అందించిందీ ఆయనే. గుడి కమిటీ లెక్కలు చూసేది ఈయనేనని అవ్వకు ముందే తెలుసట!

గుడ్డు పది తైవాన్ డాలర్లట. అడ్వాన్సులోంచి పట్టుకుంటానన్నాడు.